తగినంత

అరెకీపాలో ఈ వంటిల్లు నాకంటే ముందే లేస్తుంది.
తెల్లరాతి గోడల మీద ఇంకా మిస్తి కొండ నీడ ఉండగానే
లోపల కట్టెల పొయ్యి మీద ఎముకలు
రాత్రి మొదలెట్టిన మాట ఇంకా ముగించక
గుసగుసలాడుతుంటాయి.
నేను తెల్లకోటు తొడుక్కుని, చెవి వెనక పెన్సిల్ దోపుకుని
కాటాని సున్నాకి తెస్తాను.

సోమవారం చాకే, మంగళవారం చైరో,
శుక్రవారం రొయ్యల చూపే, ఆదివారం పంది అదోబో.
ఈ ఊళ్ళో క్యాలెండర్ చూడక్కర్లేదు,
సందు మొదట్లో నిలబడి గాలి పీలిస్తే చాలు.

నన్ను పెట్టుకున్నది రుచి కోసం కాదు.
గని కంపెనీ రోజుకి ఆరొందల భోజనాలడిగింది,
గిన్నె గిన్నెకీ సోడియం లెక్క రాసిస్తేనే సంతకమంది.
రాగి తవ్వే మగాళ్ళ రక్తపోటు
ఇప్పుడు నా కంప్యూటర్ గళ్ళలో ఉంది.

మొదటి రోజు దొన్యా ఎయుదోసియా
రోట్లో రొకోతో మిరప నూరుతూ నన్ను ఎగాదిగా చూసింది.
"ఉప్పెంత వేస్తారు?"
"తగినంత."
"అంటే ఎన్ని గ్రాములు?"
"తగినన్ని."
ఆ గడి నా పట్టికలో లేదు.
ఆమె పిడికిట్లోంచి ఐదుసార్లు కాటా మీద పోయించాను.
ఐదుసార్లూ అరగ్రాము తేడా లేదు.
ఆ రోజే ఆ పిడికిలికి ఒక వరస కేటాయించాను.

ఏప్రిల్లో గిన్నెకి తొమ్మిదొందల మిల్లీగ్రాములు.
జూన్లో వెయ్యీ అరవై.
ఆగస్టుకి పదమూడొందలు దాటింది.

ల్యాబ్‌ని అనుమానించాను. ఉప్పు బస్తా మార్పించాను.
ఎండుమాంసం మూడు నీళ్ళు కడిగించాను.
పాపం, ఆ కుర్రాడు నిల్వెర్‌ని
రెండు రోజులు దొంగని చూసినట్టు చూశాను.

ఒక గురువారం పాలన్నం అడుగంటింది.
వాసన వీధిదాకా పోయింది. నిల్వెర్ గుడ్డ పట్టుకుని పరిగెత్తాడు.
ఆవిడ మాత్రం ఆ గిన్నెకి జానెడు దూరంలో నిలబడి
ఏదో కూనిరాగం తీస్తూ
గరిటె తిప్పుతూనే ఉంది.

సాయంత్రం నల్లమొక్కజొన్న బస్తాల గదిలో
రెండు గ్లాసులిచ్చాను.
ఒకటి నీళ్ళు, ఒకటి సముద్రం.
రెండూ తాగి, ఏప్రాన్‌తో మూతి తుడుచుకుని
"రెండూ నీళ్ళేగా" అంది.
నేను మాట్లాడలేదు.
కాసేపటికి తనే, బస్తా కుట్టు మీద వేలు రాస్తూ
"కావు కదూ" అంది.

వేసవిలో జలుబు చేసిందట. జలుబు పోతూ పోతూ
రుచినీ వెంటబెట్టుకు పోయిందట.
యాభై రెండేళ్ళ చెయ్యి కదా, నాలిక లేకపోయినా
దారి తప్పదనుకుందట.
డాక్టరుకి చూపించాం. కొంత తిరిగి రావచ్చన్నాడు.
ఎంత? అన్నాను.
చేతులు విప్పి చూపించాడు, ఆయన పట్టికలోనూ
ఆ గడి ఖాళీయే.

యజమానికి నివేదిక రాశాను:
"ఉప్పు సవరించడమైనది."
కర్త లేని వాక్యం. అబద్ధం కాదు.

ఇప్పుడు రోజూ పదిన్నరకి
వంటిల్లంతా వినేలా కేకేస్తుంది:
"ఏయ్, చదువుల తల్లీ! ఇటు రా,
నీ పుస్తకమేమంటోందో చెప్పు!"
గిన్నెలు కడిగేవాళ్ళు కిసుక్కున నవ్వుతారు.
ముసలావిడ మళ్ళీ నన్ను ఆడిస్తోందని
నిల్వెర్ కూడా నవ్వుతాడు.

చెక్కగరిటె అందుకుంటాను.
ఐదేళ్ళ చదువులో ఒక్కరూ నేర్పని పని ఇది,
కళ్ళు మూసుకుని, అంకెలన్నీ మింగేసి,
ఒక్క గుక్క నోట్లో నిలుపుకోవడం.

"ఇంకో రెండు దుంపలు పడాలి" అంటాను.
"విన్నావా, దుంపలట!" అని నిల్వెర్ మీద అరుస్తుంది,
అరుస్తూనే,
కుండ వంక కాదు,
నా నోటి వంక చూస్తుంది.